పసుపు తుడిచిన చెయ్యి

జరుగుండ్రి, ఇంక జర ఇటు దగ్గరికి జరిగి కూసోండ్రి. చాప మీద కాళ్లు సాపుకున్నా నేనేమనుకోను. ఫోన్లు మాత్రం బోర్లేసి పెట్టుండ్రి; వాటికి నా ముచ్చటతోని పని లేదు, మీకున్నది. ఇంట్ల కూసోని ఫోన్ల వేలు పెడితె యాడనో మోటరు తిరిగేటట్టు, యాడనో లైటు ఎలిగేటట్టు రాసే చదువు చదువుతున్నరని విన్న. మంచి చదువే. నేను ఏడో తరగతి ఫేలు. అయినా ఇరవై రెండేండ్లు మోటార్ల కడుపుల చేతులు పెట్టి బతికినదాన్ని. మీ అసొంటి చదువుకున్నోళ్లు తయారు చేసిన ఒక డబ్బ మా కాలనీ మోటరును ఎట్ల మసి చేసిందో, ఒక మనిషి ఇంటి మీదికి ఎట్ల వచ్చిందో, అండ్ల నా పాపం ఎంతున్నదో, దాచకుండ చెప్త.

నా నౌకరి నాకు నా పెనిమిటి నుంచి వచ్చింది. ఆయన బొగ్గుబాయిల పని చేసేటోడు, బీమారొచ్చి పోయిండు. ఆయన జాగల నన్ను జనరల్ మజ్దూరుగ తీసుకొని గోదావరిఖనిల వర్క్‌షాపుకు తోలిండ్రు. మొదటి ఏడాది ఊడ్చుడు, చాయ్ మోసుడు. తర్వాత ఆడోళ్ల వేళ్లు సన్నగుంటయని, కాలిపోయిన మోటార్లకు కొత్తగ రాగి తీగె చుట్టే కాడ కూసోబెట్టిండ్రు. అప్పటి ఫోర్మను నోరు మంచిది గాదు, చెయ్యి మంచిది. ఆయన తిట్టుకుంట నేర్పిందే నా చదువంత.

ఆయన చెప్పిన తీరు మీకూ చెప్త, ముంగట పనికొస్తది. వోల్టంటె ట్యాంకు ఎంత ఎత్తుల ఉన్నదో గది. ఆంపియరంటె నల్లల నీళ్లు ఎంత లావుగ పడుతున్నయో గది. ఓమంటె నడుమ పైపు ఎంత సన్నగ, ఎంత ఇరుకుగ ఉండి నీళ్లను ఆపుతున్నదో గది. రెసిస్టరంటె కావాలని పెట్టుకున్న ఇరుకు పైపు. బియ్యపు గింజకు జర పెద్దగుంటది, ఒంటి మీద రంగు పట్టీలుంటయి. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు గని ఆ పట్టీలు మాత్రం చదువొస్తది. గోధుమ, నలుపు, నారింజ అంటె పదివేల ఓములు. నిద్రల లేపి అడిగినా చెప్త.

ఇగ అసలు ముచ్చట.

మా క్వార్టర్ల కాలనీకి ఒక పెద్ద వాటర్ ట్యాంకు, దాని కింద ఒక పంపుహౌసు. అండ్ల పంపు నడిపేటోడు నన్ను అక్కా అనేటోడు, నేను తమ్మీ అనేదాన్ని. ఎవ్వరి పేర్లు చెప్ప, మీకు అవసరం లేదు. వాడు మొదలు బాయిల పని చేసి, రొమ్ము చెడిపోతె మీదికి తెచ్చి పంపు మీద ఏసిన మనిషి. మెట్లెక్కితె ఆయాసం, పండుకుంటె దగ్గు. మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టుకున్నడు. బోర్డు వాణ్ని అన్‌ఫిట్ అని రాస్తె వాని బిడ్డకు నౌకరి వస్తది. డిగ్రీ చదివి ఇంట్ల ట్యూషన్లు చెప్పుకుంట ఆ పిల్ల ఆ కాగితం కోసమే చూస్తున్నది. బొగ్గుబాయిల కాడ ఇండ్లు గిట్లనే నిలవడ్తయి. ఒకరి ఊపిరి పోతుంటె ఇంకొకరికి అన్నం పుడతది.

గట్ల నడుస్తుండంగ మా ఇంజినీరు సారుకు ఒక ఆలోచన పుట్టింది. సారుకు ఆలోచనలు మీటింగులల్ల పుడతయి, వాటిని సాకుడు మాత్రం మా పని. ఇగ పంపు ఫోన్ల నుంచి నడవాలె అన్నడు. పట్నం నుంచి ఒక చిన్న కంపెనీని పిలిచిండు. ఆ కంపెనీ తరఫున ఒక ఆడపిల్ల వచ్చింది, మీ ఈడుదే. పిల్ల మంచిదే, మొఖం కళగ ఉన్నది, గని నోట్లె నుంచి మాటలు పడుతుంటె మేం పట్టుకోలేకపోయినం. సెన్సారంటది, గేట్‌వే అంటది, క్లౌడంటది, డాష్‌బోర్డంటది. సారు పక్కన నిలవడి ప్రతి మాటకు తల ఊపుడు. ఒకసారి ఆ పిల్ల ఏదో అడుగుతె సారు ఆ మాటకూ తల ఊపిండు. తర్వాత తెలిసింది, అది బాత్రూం ఎటున్నదని అడిగిన మాట.

నేను ఆ రోజు స్టార్టరు చూడనీకె పోయి అక్కడనే ఉన్న. గోడకు బిగించిన డబ్బ చూసిన. తెల్లటి ప్లాస్టిక్ డబ్బ, కింద వరుసగ స్క్రూలు. ఒక దిక్కు పెద్ద కరెంటు, ఇంకో దిక్కు మూడు వోల్టుల సన్న కరెంటు. ట్యాంకిల నీళ్ల మీద తేలే బుర్ర ఒకటి ఏలాడదీసి, దాని తీగెను మోటరు కేబులు పొంటి కిందికి తెచ్చి సన్న స్క్రూకు కట్టిండ్రు. నీళ్లు తగ్గితె బుర్ర కిందికి వాలుతది, లోపల స్విచ్చి కలుస్తది, డబ్బకు మూడు వోల్టులు అందుతయి, పంపు మొదలైతది. నీళ్లు నిండితె స్విచ్చి ఇడిపోతది, పంపు ఆగాలె. ఇంతే సంగతి. దీనికి క్లౌడెందుకో నాకు ఈ రోజుకూ తెల్వదు.

ఆ తీగెను మోటరు కేబులు పొంటి ఎందుకు తెచ్చిండ్రని నేను అడిగిన. సారు నా దిక్కు చూసి, నువ్వు చుట్టే తీగె చుట్టుకోమ్మా అన్నడు. చుట్టుకున్న.

మొదటి రోజు నుంచే డబ్బకు ఒక జబ్బు. నీళ్లు తగ్గినప్పుడు పంపు మంచిగనే ఎత్తుకునేది. ట్యాంకు నిండంగనే మాత్రం ఒక్కసారి ఆగకపోయేది. ఆగుడు, మొదలుపెట్టుడు, మల్ల ఆగుడు. స్టార్టరు టకటకటక కొట్టుకునేది. పంపు తమ్ముడు జల్ది ఉరికి చేతి స్విచ్చి బంద్ చేసేటోడు. పట్నం పిల్లకు ఫోన్ చేస్తె అది నాయిస్, అంటె తీగెల పడే ఉత్త మోత అన్నది. అక్కడ కూసోనే ప్రోగ్రాములో ఏదో మార్చి పంపింది. టకటక జర తగ్గింది, పోలె. మల్ల మార్చింది. మల్ల జర తగ్గింది. తీగెల ఉన్న రోగానికి రాతల మందు పోసుకుంట పోయింది.

గంతల దసర వచ్చింది. మా దగ్గర దసరంటె ముందు మిషన్ల పండుగ. డ్రిల్లుకు, డంపరుకు, ఆఖరికి స్టోరు కాడి తక్కెడకు సుత పసుపు పూస్తరు, బొట్టు పెడ్తరు. పంపు తమ్ముడు ఈ పనిల అందరికంటె ఒక మెట్టు మీద. వాడు పసుపును నీళ్లతోని కలపడు; అమ్మవారికి కొట్టిన కొబ్బరికాయ నీళ్లతోనే పిసుకుతడు. అది వాళ్ల నాయిన కాడి నుంచి వచ్చిన పద్ధతంట. ఆ ముద్దను పంపుకు పూసి, స్టార్టరుకు పూసి, తెల్ల డబ్బను కొత్త కోడలు వచ్చినట్టు చూసి దానికి ఎక్కువ పూసిండు. పెద్ద కరెంటు దిక్కు ముట్టలె, అంత తెలివి ఉన్నది. సన్న స్క్రూలకు మాత్రం ఒక్కొక్కదానికి ఒక్కొక్క బొట్టు పెట్టిండు. సారు పక్కన నిలవడి ఫోటో దిగిండు. ఆ ఫోటో సంగతి తర్వాత చెప్త.

ఆ పొద్దు నుంచి డబ్బ రోగం పోయింది. ట్యాంకు నిండంగనే టక్కున ఒక్కసారే ఆగుడు. రెండు వారాలు, మూడు వారాలు, చిన్న తప్పు లేదు. ఇగ చూడుండ్రి తమాష. పట్నం పిల్ల తన ప్రోగ్రాము కుదిరిందనుకున్నది. సారు తన నిర్ణయం ఫలించిందని మీటింగుల చెప్పుకున్నడు. పంపు తమ్ముడు అమ్మవారు డబ్బల కూసున్నదన్నడు. ముగ్గురూ మూడు రకాలుగ మురిసిండ్రు గని, ఒక్కరన్న ఎందుకు బాగైందని అడుగలె. చెడిపోతె ఎందుకని అడిగేటోళ్లుంటరు. బాగైతె ఎవ్వరూ అడుగరు. నేను మాత్రం అడిగిన్నా? లేదు. నాకు చుట్టే తీగె ఉన్నది గదా.

పై నుంచి పెద్ద సార్లు వస్తున్నరని కబురొచ్చింది. ఇగ పెయింట్లు, ముగ్గులు, చెట్లకు సున్నం. ఆ రోజు పంపు తమ్ముడికి ప్లేడే, అంటె మా దగ్గర వారపు సెలవు. సారు వర్క్‌షాపుకు వచ్చి నన్ను పిలిచి, పంపుహౌసుల ఆ పసుపు గిసుపు ఏం కనపడొద్దు, డబ్బ అద్దంలెక్క మెరవాలె అన్నడు. నేను స్పిరిటు సీసా, గుడ్డ తీసుకొని పోయిన.

తుడుసుకుంట ఎంత ఎక్కిరించుకున్ననో మీకు చెప్తె సిగ్గైతది. దేవుని పేరు మీద మిషన్లను ఆగం చేస్తరు, కొబ్బరినీళ్ల జిగట ఇంక పోనే పోదు, చీమలు పడుతయి, గింత కూడ తెల్వదా అని నాలో నేనే గొణుక్కున్న. పంపుహౌసు తేమకు పసుపు ఇంక చెమ్మగనే ఉన్నది. స్క్రూల సందుల గట్టి ముద్ద లెక్క పట్టి ఉంటె, పుల్లకు గుడ్డ చుట్టి మరీ తీసిన. ఇరవై రెండేండ్ల సర్వీసుల నేను అంత శుభ్రంగ తుడిచిన పని ఇంకోటి లేదు.

తెల్లారి పెద్ద సార్లు వచ్చిండ్రు. ఫోన్ల నుంచే నడుస్తదని చూపెట్టాలె గనుక సారు ముందే చేతి స్విచ్చికి తాళం ఏసి చెవి జేబుల పెట్టుకున్నడు. పెద్ద సారు ఫోన్ల వేలు పెట్టిండు, పంపు తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టిండ్రు. తర్వాత బండ్లెక్కి గెస్టుహౌసుకు భోజనాలకు పోయిండ్రు. చెవి కూడ భోజనానికి పోయింది.

పొద్దు నడినెత్తికి రాంగ ట్యాంకు నిండింది. డబ్బ టకటక మొదలువెట్టింది. ఎనకటి లెక్క కూడ గాదు, పూనకం వచ్చినట్టు కొట్టుకున్నది. పంపు తమ్ముడు చేతి స్విచ్చి కాడికి ఉరికిండు, తాళం. సారుకు ఫోన్ చేసిండు, ఎత్తలె. మల్ల చేసిండు. మెయిన్ స్విచ్చి సబ్‌స్టేషన్ల ఉన్నది; ఆ రొమ్ముతోని, ఆ దగ్గుతోని, ఎండల అంత దూరం ఉరికిండు. బంద్ చేయించి తిరిగొచ్చే వరకు మోటరు కాడ పొగ. ట్యాంకిల ఉన్న నీళ్లు తెల్లారేసరికి అయిపోయి కాలనీల నల్లలు ఎండిపోయినయి. సాయంత్రానికి ఆడోళ్లు బిందెలు పట్టుకొని పంపుహౌసు ముంగట నిలవడి తిట్టిన తిట్లు నేను ఇక్కడ చెప్పను. మీ చెవులు లేతవి.

మోటరు మా దగ్గరికే వచ్చింది. ఇప్పి చూసిన. మోటరు ఎట్ల సచ్చిందో దాని తీగెలు చెప్తయి. నీళ్లు పోయి సస్తె ఒక కాడ పేలుతది. ఒక ఫేజు పోయి సస్తె కొన్ని చుట్టలు నల్లబడి కొన్ని ఎర్రగనే ఉంటయి. దీంట్ల మొత్తం ఒక్క తీరుగ మాడింది. మోటరుకు మొదలయ్యేటప్పుడే అన్నిటికంటె ఎక్కువ ఆంపియర్లు కావాలె. నిమిషానికి ఇన్నిసార్లు మొదలుపెట్టిస్తె ఏ మోటరైనా గిట్లనే మాడుతది. స్టార్టరు చూద్దామని పంపుహౌసుకు పోయిన.

మోటరు ఇప్పుకపోయినోళ్లు పైన బుర్ర తీగెను సుత ఇడదీసి పెట్టిండ్రు, అంటె డబ్బకు ట్యాంకు నిండినట్టే లెక్క. మోటరు లేకున్నా డబ్బకు కరెంటు ఉన్నది. మోటరు లేదన్న సోయి కూడ లేకుండ లోపలి రిలే ఇంక టకటక కొట్టుకుంటనే ఉన్నది. పంపు తమ్ముడు పక్కన నిలవడ్డడు. నేను తీగె వదులైందేమోనని సన్న స్క్రూల మీద వేలు పెట్టిన. రెండు స్క్రూల మీద పడ్డది వేలు.

టకటక ఆగింది.

వేలు తీసిన. మొదలైంది. పెట్టిన. ఆగింది.

పంపు తమ్ముడు చేతులు జోడించి, "అక్కా, అమ్మవారు నీ చేతికొచ్చింది" అన్నడు.

నాకు చెమటలు పట్టినయి. ఏమైందో వేలు చెప్పింది. ట్యాంకిల స్విచ్చి కలిసినప్పుడు ఆ తీగెకు ఒక దిక్కున్నది, మూడు వోల్టుల దిక్కు. ఇడిపోతె దానికి ఏ దిక్కూ లేదు. సున్నకు రావాలంటె గ్రౌండు దిక్కు గుంజి పట్టుకునేది ఏదన్న ఉండాలె, గా ఇరుకు పైపు అసొంటిది, ఒక పట్టీల గింజ. అది పెట్టనే లేదు. దిక్కులేని తీగె పక్కన పోతున్న మోటరు కేబులు మోతను పట్టుకొని, ఒకసారి నడువుమనే ఒకటి అంటది, ఒకసారి ఆగుమనే సున్న అంటది. కొబ్బరినీళ్ల పసుపు ముద్ద తీగె స్క్రూకు గ్రౌండు స్క్రూకు నడుమ పట్టుకొని, చెమ్మగ ఉండి, మూడు వారాలు ఆ గింజ పని చేసింది; ఇప్పుడు నా వేలు చేసింది. దాన్ని పుల్లకు గుడ్డ చుట్టి తీసింది ఎవరు? నేను.

నేను ఆ రోజు ఎవ్వరికీ చెప్పలె. నా రిటైర్మెంటుకు ఇంక మూడు నెలలే. తుడిచింది నువ్వే గదా అని నా మీదికే తిప్పుతరని భయం. ఊకో తమ్మీ, అమ్మవారు లేదు ఏం లేదు అని ఇంటికొచ్చి పండుకున్న. సార్లను, పట్నపోళ్లను ఇందాకటి నుంచి ఎక్కిరిస్తున్న గదా, ఈ ముచ్చట కాడ నన్ను కూడ ఆ వరుసలనే కూసోబెట్టుండ్రి. చివరి కుర్చీల.

నాలుగో రోజు పంపు తమ్ముడు, వాని బిడ్డ మా క్వార్టరుకు వచ్చిండ్రు. వాని చేతిల ఛార్జ్‌షీటు. ఇంగ్లీషుల ఉన్నది, ఆ పిల్లనే చదివి చెప్పింది. పరికరం మీద తడి పదార్థం పూసి కంపెనీ ఆస్తికి నష్టం చేసిండంట. సాక్ష్యం, దసరనాటి ఫోటో. సారు తన మొఖం మాత్రం కత్తిరించి పెట్టిండు. ఎంక్వైరీ తేలేదాంక మెడికల్ బోర్డు ఫైలు కదలదు. తప్పు తేలితె నౌకరే పోతది. వానిదీ పోతది, బిడ్డకు రావాల్సిందీ పోతది.

వాడు దగ్గుకుంట కూసున్నడు. ఆ పిల్లనే అడిగింది.

"అత్తా, పసుపుతోని మోటరు కాలుతదా?"

నేను చాయ్ పెడ్తనని లోపలికి పోయిన. పాలు పొంగి పొయ్యి మీద పడ్డయి. చూసుకుంట నిలవడ్డ.

ఎంక్వైరీ ఆఫీసుల పెట్టిండ్రు. ఎంక్వైరీ ఆఫీసరు వేరే ఏరియా నుంచి వచ్చినాయన, మాటకు ముందు అద్దాలు తుడుసుకునే మనిషి. ఒక దిక్కు మా సారు, ఒక దిక్కు పట్నం పిల్ల, చేతిల తన కంపెనీ ఇచ్చిన కాగితం. పంపు తమ్ముడి తరఫున నేను పోయిన. అందరూ నవ్విండ్రు, సంతకం చెయ్యనీకె ఐదు నిమిషాలు తీసుకునేది వకాల్తకు వచ్చిందని. నేను ఒక సంచిల పెద్ద చుట్ట తీగె, పసుపు పొట్లం, ఒక కొబ్బరికాయ తెచ్చుకున్న. ఇంకా నవ్విండ్రు.

ముందు పంపు తమ్ముణ్ని అడిగిండ్రు, పసుపు పూసినవా అని. పూసిన అన్నడు. ఎందుకు పూసినవు అంటె, పండుగకు పూయకుంటె ఇంకెప్పుడు పూస్త సార్ అన్నడు. తప్పు ఒప్పుకుంటున్నవా అంటె, అమ్మవారు ఉన్నన్ని రోజులు మంచిగ నడిచింది, ఇంకేం చెప్పాలె అన్నడు. వాణ్ని వాడే ముంచుకుంటున్నడు, మునుగుతున్నట్టు తెల్వదు.

తర్వాత పట్నం పిల్ల కాగితం చదివింది. తడి వల్ల సర్క్యూటు షార్ట్ అయి ఉండొచ్చని ఉన్నది. ఉండొచ్చు అంట. ఒక ఇల్లు కూలగొట్టనీకె ఉండొచ్చు అన్న మాట సాలు.

నేను లేసిన. "సార్, ఈ పసుపు మోటరు కాలిన రోజు లేదు. ముందటి రోజే నేను తుడిచిన. తుడువుమన్నది ఈ సారు."

మా సారు అద్దాలు లేకున్నా అద్దాలు తుడుసుకున్నట్టు మొఖం తుడుసుకున్నడు. ఆఫీసరు నన్ను కూసోమనలె, చెప్పుమన్నడు. పంపుహౌసు డబ్బను తెప్పించి టేబులు మీద పెట్టించి, కరెంటు ఇప్పించిన. సన్న స్క్రూకు నా చుట్ట తీగె కట్టి, ఆ చుట్టను టేబులు ఫ్యాను వైరు పక్కన పెట్టి, రెండో కొసను ఊకె వదిలేసిన. అచ్చం ట్యాంకు నిండి స్విచ్చి ఇడిపోయినట్టు. డబ్బ టకటక మొదలువెట్టింది. ఎవ్వరూ నవ్వలె.

పట్నం పిల్ల దిక్కు తిరిగిన. "బిడ్డా, నువ్వు దీన్ని పట్నంల పరీక్ష చేసినవా?"

"చేశానండి. నా టేబుల్ మీద చాలాసార్లు చేశాను. బాగానే పనిచేసింది."

"ఎట్ల చేసినవు?"

"వైరు మూడు వోల్టులకి పెడితే ఒకటి వచ్చింది. గ్రౌండ్‌కి పెడితే సున్నా వచ్చింది."

"మరి దేనికీ పెట్టకుంటె?"

పిల్ల చేతిల కాగితం టేబులు మీద పెట్టింది. టకటక కొట్టుకుంటున్న డబ్బను చూసింది. ఆ పిల్ల మొఖం మీద నేను అర్థమైన వెలుగు చూసిన, దాని ఎనుకనే భయం చూసిన. నాకు పంపుహౌసుల వచ్చిన చెమటే ఆ పిల్లకు పట్టింది.

నేను ఆఫీసరు పర్మిషను తీసుకొని టేబులు అంచుకు కొబ్బరికాయ కొట్టిన. ఆ నీళ్లల్ల పసుపు పిసికి, రెండు స్క్రూల నడుమ బొట్టు పెట్టిన. టకటక ఆగింది. ఆఫీసరు అద్దాలు తీసి, తుడువకుండనే మల్ల పెట్టుకున్నడు. గుడ్డతోని తుడిచిన. మొదలైంది. అప్పుడు కొంగు ముడిల నుంచి పట్టీల గింజ తీసి, గోధుమ, నలుపు, నారింజ అని పిల్లకు చూపెట్టి, ఆ రెండు స్క్రూలకు కట్టిన. ఆగింది. ఇంక మల్ల కొట్టుకోలె.

మా సారు, "ఇదంతా రికార్డుల రాయాల్సిన అవసరం లేదు, ఈమె టెక్నికల్ మనిషి గాదు" అన్నడు.

పట్నం పిల్ల లేసి నిలవడ్డది. జేబుల ఫోను మోగుతున్నది, వాళ్ల బాసుదే కావచ్చు, ఎత్తలె.

"రాయండి సార్. పుల్‌డౌన్ రెసిస్టర్ పెట్టాల్సింది నేను. పెట్టలేదు. ఆ మాట నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. ఎందుకు పెడతారో ఇవాళే తెలిసింది."

చూడుండ్రి, ఆ పిల్లను నేను అప్పటిదాంక మస్తు చులకన చేసిన. ఆ ఒక్క మాటతోని నా చులకన అంత వాపసు తీసుకున్న. మిగిలినోళ్ల మీదిది ఇంక నా దగ్గరనే ఉన్నది.

ఎంక్వైరీ రిపోర్టు వచ్చింది. పంపు తమ్ముడి తప్పు లేదని రాసిండ్రు. సారు తప్పు లేదని కూడ రాసిండ్రు. తాళం ముచ్చట రాయలె, ఫోటో ముచ్చట రాయలె. వేర్వేరు పరికరాల నడుమ సమన్వయ లోపం అని ఉన్నదంట. పంపు తమ్ముడి బిడ్డ చదివి చెప్తె, మోటరే తన పొరపాటు తెలుసుకొని సిగ్గుతోని కాలిపోయినట్టున్నది అన్న. సారుకు తర్వాత ప్రమోషనొచ్చి యాడికో పోయిండు. నాకు తుడిచినందుకు ఒక వార్నింగు కాగితం ఇచ్చిండ్రు. అది న్యాయమే, ఎందుకు ఉన్నదో తెలుసుకోకుండ దాన్ని తీసేసిన మనిషిని నేను.

పంపు తమ్ముడు సంబరపడ్డడనుకుంటున్నరా? మూతి ముడుసుకొని ఇంటికొచ్చిండు.

"అక్కా, నా బిడ్డ బతుకు నిలవెట్టినవు, నీ కాళ్లు మొక్కుత. గని ఇన్నేండ్లు మొక్కిన అమ్మవారిని అందరి ముంగట పట్టీల గింజ చేసినవు గదా."

"గంత చిన్న గింజ మోటరును, కాలనీ నీళ్లను, నీ ఇంటిని కాపాడుతదంటె, గింజనే అమ్మవారిని చేసిన్ననుకో తమ్మీ."

వాడు ఆలోచించిండు. ఒప్పుకున్నట్టు తల ఊపిండు గని, పూర్తిగ ఊపలె. ఇంక నాతోని ఆ ముచ్చట్ల జర కోపంగనే ఉంటడు. ఉండనీ. కోపం చెయ్యనీకె వాడున్నడు, గది సాలు.

మూడు నెలలకు నేను రిటైరైన. ఆ తర్వాత బోర్డు వాణ్ని అన్‌ఫిట్ అన్నది, బిడ్డకు ఆర్డరొచ్చింది. ఏం చిత్రమో, ఆ పిల్లను తీసుకపోయి ఆ పంపుహౌసు మీదనే ఏసిండ్రు. మొదటి డ్యూటీ రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. మంచిచెడ్డ ఏం అడుగలె.

"అత్తా, ఇను" అని ఫోను డబ్బ కాడ పెట్టింది.

మోటరు మోత వినవడ్డది. పైన ట్యాంకు నిండి నీళ్లు పొర్లబోతున్న సప్పుడు సన్నగ. తర్వాత టక్. ఒక్కటే. ఆ తర్వాత ఎంతసేపు ఇన్నా ఏం లేదు, ఆ పిల్ల ఊపిరి తప్ప.

ఇగ లేవుండ్రి, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటయి. మీ ఇంటి నల్లల తెల్లారంగనే నీళ్లు రావాలె, మీ అమ్మల బిందెలు నిండాలె. మీ ఇంట్ల ఎవ్వరి మీదా వాళ్లు చెయ్యని తప్పు పడకుండాలె. చేసిన తప్పును ఒప్పుకునే గుండె మీ పిల్లాజెల్లకుండాలె. మీ గడప, మీ పొయ్యి, మీ చేతులు సల్లగుండాలె బిడ్డా.